క్యాంపస్‌లో హక్కులు: పిల్లలు, పెద్దలు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చదువుకునే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఇన్నేళ్లుగా నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ఎచ్చెర్లలో 2008లో వచ్చిన డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం కావచ్చు, విజయనగరం జిల్లాలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కావచ్చు, 2022లో విడిగా ఏర్పడ్డ జేఎన్‌టీయూ గురజాడ కావచ్చు, వాటి కింద ఉన్న కాలేజీలు కావచ్చు. ఎక్కడ చదివినా ఇక్కడ చెప్పే నియమాలు చాలావరకు ఒకటే.

నేను లాయర్ని కాను. ఈ ప్రాంతంలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పాను, రెండు కమిటీల్లో కూర్చున్నాను. ఒక కమిటీలో పని జరిగింది. రెండోదానిలో టీ, బిస్కట్లు జరిగాయి. ఆ రెండోదే నాకు ఎక్కువ నేర్పింది.

మానవ హక్కులంటే లాకప్పులు, జైళ్ల వ్యవహారం కదా. కాలేజీలో దానికేం పని?

1993లో వచ్చిన మానవ హక్కుల పరిరక్షణ చట్టం తీసి చూడండి. జీవితం, స్వేచ్ఛ, సమానత్వం, వ్యక్తి గౌరవం, ఈ నాలుగింటికి సంబంధించి రాజ్యాంగం ఇచ్చినవీ, అంతర్జాతీయ ఒడంబడికల్లో ఉండి మన కోర్టులు అమలు చేయించగలిగినవీ మానవ హక్కులంటుంది. మొదటి మూడూ కోర్టుల్లో ఎక్కువ వినిపిస్తాయి. నాలుగోది మాత్రం మెస్సులో, ల్యాబులో, హాస్టల్ గదుల పంపకంలో రోజూ తగులుతుంది. ఎవరి కంచం పక్కన ఎవరు కూర్చోరు, వైవాలో ఎవరిని 'మీరు' అంటారు, ఎవరిని 'ఏరా' అంటారు, ల్యాబ్‌లో ఎవరి బ్యాచ్‌లోకి ఎవరూ రారు. ఇవన్నీ ఆ నాలుగో మాట కిందికే వస్తాయి.

సమానత్వం, సమన్యాయం ఒకటేనా? అందరినీ ఒకేలా చూస్తే సరిపోదా?

సరిపోదు. ఒక పరీక్ష ఫీజు కథ చెబుతాను. ఆదివారం రాత్రి 12 గంటల్లోపు ఆన్‌లైన్‌లో కట్టాలని నోటీసు పెట్టారు. అందరికీ ఒకే గడువు, చూడ్డానికి న్యాయంగానే ఉంది. సీతంపేట పైన కొండ మీద ఊరున్న కుర్రాడు శుక్రవారం ఇంటికెళ్లాడు. ఊళ్లో సిగ్నల్ లేదు. ఆదివారం చీకటి పడ్డాక చేతిలో ఫోను పట్టుకుని గట్టెక్కి, ఒక గీత కనిపించిన చోట నిలబడ్డాడు. ఓటీపీ వచ్చేసరికి పేజీ మూసుకుపోయింది. సోమవారం ఆఫీసుకొస్తే లేటు ఫీజు వేశారు. 'రూలు అందరికీ ఒకటే బాబూ' అన్నారు.

మరుసటి సెమిస్టర్‌లో గడువును సోమవారం మధ్యాహ్నానికి మార్చి, ఆఫీసు కిటికీ దగ్గర కట్టే వీలు కూడా ఇచ్చారు. ఒక గుమాస్తా గంట సమయం తప్ప దానికి అయిన ఖర్చేమీ లేదు. సమన్యాయం అనే పెద్ద మాట నాకు అర్థమైంది ఆ కిటికీ దగ్గరే. రాజ్యాంగం 15వ అధికరణ వివక్ష వద్దంటూనే, వెనకబడిన వారికోసం, మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని అదే అధికరణలో చెప్పింది. రెండింటికీ పేచీ ఉందనుకునేవాళ్లు దాన్ని సగమే చదివారని నా అనుమానం.

కులం పేరెత్తి ఎవరూ తిట్టరు. 'నీ ర్యాంకెంత?' అని మాత్రం అడిగి నవ్వుకుంటారు. ఇది వివక్ష అవుతుందా?

ఆ ప్రశ్న ర్యాంకు గురించి కాదని అడిగేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు.

ఉన్నత విద్యా సంస్థల్లో సమానత్వం కోసం యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2012లో నిబంధనలు తెచ్చింది. వాటిలో ఉన్న వివరాలు చూస్తే, రాసినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వెనక బెంచీలో కూర్చున్నవాళ్లే అనిపిస్తుంది. క్లాసులో విద్యార్థుల కులం, తెగ, మతం, ప్రాంతం పేర్లు బయటికి చదవకూడదు. 'రిజర్వేషన్ వాళ్లు' అని ముద్ర వేయకూడదు. మార్కులు తక్కువ వస్తే దానికి కులమో ప్రాంతమో కారణమన్నట్టు మాట్లాడకూడదు. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరో అడిగి చూడండి. మొదటి రోజు ఎవరికీ తెలియదు. మూడో రోజుకి ఒక పేరు దొరుకుతుంది. ఆ సారుకే ఆ సంగతి తెలియకపోవడం కూడా నేను చూశాను.

2026 జనవరిలో యూజీసీ వీటి స్థానంలో కొత్త నిబంధనలు తెచ్చింది. దేశమంతా గొడవైంది. అదే నెలాఖరులో సుప్రీంకోర్టు వాటిని నిలిపి ఉంచి, మళ్లీ ఆదేశాలిచ్చేదాకా 2012 నిబంధనలే నడవాలంది. కాబట్టి 'అవన్నీ స్టే అయిపోయాయమ్మా' అని ఎవరైనా చేతులెత్తేస్తే, 2012వి అని స్పష్టంగా చెప్పి అడగండి.

అట్రాసిటీ కేసు ఎప్పుడు పెట్టొచ్చు?

ఎస్సీ, ఎస్టీలను నలుగురి ముందు కావాలని అవమానించినా, కులం పేరుతో దూషించినా 1989 చట్టం కింద నేరం. 2015 సవరణ దాన్ని ఇంకా గట్టి చేసింది. కేసు దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చట్టంలోనే చేర్చారు. 'ముందు ప్రిన్సిపాల్ దగ్గర తేల్చుకుని రండి' అని స్టేషన్‌లో అనడానికి వీల్లేదు. జాతీయ హెల్ప్‌లైన్ 14566 తెలుగులోనూ పలుకుతుందా అని అడుగుతుంటారు. ప్రాంతీయ భాషల్లో కూడా మాట్లాడేలాగే దాన్ని పెట్టారు.

కాలేజీలో ఫిర్యాదు, పోలీసు ఫిర్యాదు రెండూ ఒకేసారి నడవొచ్చు. ఒకటి చేస్తే రెండోది పోదు.

మా యాస విని క్లాసులో నవ్వుతారు. ఇది కూడా ఫిర్యాదు చేసే విషయమేనా?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను.

పలాస వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సెమినార్ ఇస్తోంది. చక్కగా చెబుతోంది. మధ్యలో ప్రొజెక్టర్ ఆగిపోతే, 'ఏటైందో చూడు, బేగి' అని పక్కనున్న స్నేహితురాలితో అంది. మైకు ఆన్‌లో ఉంది. హాలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో సగం మంది ఇంటికి ఫోన్ చేస్తే 'ఏటమ్మా' అనేవాళ్లే. ఆ అమ్మాయి మిగతా సెమినార్ ఇంగ్లిషులో చదివేసి కూర్చుంది. ఆ ఏడాది మళ్లీ మైకు పట్టుకోలేదు.

గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో మాస్టారిగా ఉంటూ, కొండల మీది సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని తాపత్రయపడ్డారు. తెలుగులో వాడుక భాష కోసం జీవితాంతం పోట్లాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. దండ వేసి దణ్ణం పెట్టి, మధ్యాహ్నం క్లాసులో సిక్కోలు యాసను వెక్కిరిస్తాం. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఇక నిబంధన సంగతి. 2012 యూజీసీ నిబంధనల్లో వివక్షకు ఇచ్చిన నిర్వచనంలో కులం, మతంతో పాటు భాష కూడా ఉంది. తోటి పిల్లలు ఒకసారి నవ్వితే కాగితం పెట్టమని నేను చెప్పను. టీచరే వెక్కిరిస్తే, పదే పదే జరిగితే, మార్కుల మీద పడితే తప్పకుండా పెట్టండి. సవర, జాతాపు, గదబ పిల్లలకీ, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలకీ ఇదే వర్తిస్తుంది.

ర్యాగింగ్ గురించి కొత్తగా తెలుసుకోవాల్సింది ఏముంది?

పెద్దగా లేదు. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. యూజీసీ నిబంధనలు 2009వి. ఏటా విద్యార్థీ, తల్లిదండ్రులూ హామీపత్రం ఇవ్వాలి. హెల్ప్‌లైన్ 1800-180-5522కి పేరు చెప్పకుండా కూడా ఫోన్ చేయొచ్చు. 'ఇంట్రో' అని పేరు మార్చినంత మాత్రాన ర్యాగింగ్ కాకుండా పోదు. వాట్సాప్ గ్రూపులో చేర్చి అర్ధరాత్రి పాటలు పాడించడం కూడా ఇందులోకే వస్తుంది.

లైంగిక వేధింపుల మీద ఐసీసీకి ఫిర్యాదు చేయాలంటే ఏం చేయాలి? ఎవరు ఉంటారు అందులో?

ఐసీసీ అంటే అంతర్గత ఫిర్యాదుల కమిటీ. 1997లో విశాఖ తీర్పుతో మొదలైన దారి ఇది. ఆ పేరు చూసి మన వైజాగ్ అనుకుంటారు చాలామంది. కేసు రాజస్థాన్‌ది, 'విశాఖ' ఒక మహిళా సంస్థ పేరు. ఆ తర్వాత 2013లో చట్టం వచ్చింది. ఉన్నత విద్యా సంస్థల కోసం 2015లో యూజీసీ విడిగా నిబంధనలు పెట్టింది.

అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలు అయి ఉండాలి. అధ్యాపకులు ఇద్దరు, బోధనేతర సిబ్బంది ఇద్దరు, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు. విద్యార్థులకు సంబంధించిన కేసైతే ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలి. వాళ్లను ఎన్నుకోవాలి, ప్రిన్సిపాల్ గారు వేలు చూపించి కూర్చోబెట్టకూడదు. ఈ ఎన్నిక సంగతి చాలా చోట్ల కాగితం మీద కూడా కనిపించదు.

జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. వరసగా జరుగుతుంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. రాయడం రాకపోతే, భయం వేస్తే, రాయడంలో సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. శారీరకంగా, మానసికంగా రాయలేని స్థితిలో ఉంటే స్నేహితులు, బంధువులు, సహ విద్యార్థులు కూడా ఇవ్వొచ్చు.

ఏం రాయాలి? తేదీ, వేళ, చోటు, అన్న మాట అన్నట్టుగా, చూసినవాళ్లు ఎవరు. 'నాతో అసభ్యంగా ప్రవర్తించాడు' అని ఒక్క వాక్యం రాసి ఇచ్చేస్తారు పిల్లలు, సిగ్గుతో. ఆ సిగ్గు మీది కాదు. ల్యాబ్ రికార్డు సంతకం కోసం సాయంత్రం ఆరింటికి ఒంటరిగా రమ్మన్నాడంటే, అలాగే రాయండి. మెసేజీలు చెరిపేయకండి. స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోనులో కూడా ఉంచండి.

వ్యవహారం నేరం స్థాయిలో ఉంటే పోలీసుల దగ్గరికి వెళ్లే హక్కు ఎప్పుడూ ఉంటుంది. విజయనగరంలో చదివే సోంపేట అమ్మాయి సోంపేట స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. అక్కడ జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా కట్టేది) కట్టి విజయనగరం పంపాలి. 'మా పరిధి కాదు' అనడం కుదరదు. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112.

అబ్బాయిలు కూడా ఐసీసీకి వెళ్లొచ్చా?

2013 చట్టం మహిళల కోసమే. కానీ 2015 యూజీసీ నిబంధనలు విద్యార్థుల్లో అందరికీ, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు కూడా వర్తిస్తాయి. వెళ్లొచ్చు.

తప్పుడు ఫిర్యాదులతో మగపిల్లల జీవితాలు నాశనమవుతున్నాయంటారు కదా?

ఈ ప్రశ్న ఎప్పుడూ తండ్రులే అడుగుతారు. ఒక తల్లి అడగడం ఇంతవరకు వినలేదు. కావాలని, దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు ఇస్తే చర్య తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. అదే చోట ఇంకో మాట కూడా ఉంది: ఫిర్యాదును నిరూపించలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు. ఫిర్యాదు ఎదుర్కొనే అబ్బాయికి కాపీ అందాలి, తన మాట చెప్పుకునే సమయం ఇవ్వాలి, తీర్పు వచ్చేదాకా పేరు బయటికి రాకూడదు. ఇవి కూడా హక్కులే. పనిచేసిన ఆ ఒక్క కమిటీలో మేం అబ్బాయి మాట వినడానికి అమ్మాయి మాట విన్నంత సేపు కూర్చున్నాం. నిజం చెప్పాలంటే, ఎక్కువ సేపే కూర్చున్నాం. బయట మాత్రం ఆ అబ్బాయికి అన్యాయం జరిగిందనే చెప్పుకున్నారు.

ఆడపిల్లల హాస్టల్ గేటు ఆరున్నరకే వేస్తారు. మగపిల్లల హాస్టల్‌కు గేటే లేదు. ఇదేం న్యాయం?

న్యాయం కాదు. 2015 యూజీసీ నిబంధనల్లో ఈ మాట ఉంది: భద్రత పేరు చెప్పి మహిళా హాస్టళ్లలో మగ విద్యార్థులకు లేని వివక్షాపూరిత నియమాలు పెట్టకూడదు. వార్డెన్ చేతికి ఇచ్చేటప్పుడు ఆ వాక్యం కింద గీత గీసి ఇవ్వండి.

ఊళ్లలో అమ్మానాన్నలు గేటు ముందే మూయాలని పట్టుబడతారని వార్డెన్లు చెబుతారు. అది కొంత నిజం. ఇంట్లో ఒప్పుకుంటేనే పిల్ల చదువు సాగుతుంది. అయినా లైబ్రరీ ఎనిమిదింటిదాకా తెరిచి ఉంచి హాస్టల్ ఆరున్నరకు మూస్తే, ఆ చివరి గంటన్నర పుస్తకాలు ఎవరి కోసమో ఆలోచించాలి. ఒక చోట లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా దీపాలు వేయించి, ఎనిమిదింబావుకు వాచ్‌మన్‌ను తోడు పంపే ఏర్పాటు చేసుకున్నారు. గొడవ సద్దుమణిగింది. ఇప్పుడు ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సులో టికెట్‌కు డబ్బు అక్కర్లేదు కానీ, ఊరికి ఆఖరి బస్సు వేళను బట్టి ప్రాక్టికల్స్ పెట్టాలన్న ఆలోచన ఇంకా చాలామందికి రాలేదు.

నాకు సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ ఉంది. పరీక్షలో ఏమేం అడగొచ్చు?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యా సంస్థల్లో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు. పరీక్షలో రాసిపెట్టే మనిషి సాయం, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం. మూడు గంటల పరీక్షకు గంట ఎక్కువన్నమాట. ఆ గంట దయ కాదు, ఇన్విజిలేటర్ వాచీ చూసి నిట్టూర్చినా మీరు తలెత్తక్కర్లేదు.

40 శాతం లేకపోతే రాసిపెట్టే మనిషి రారా? 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఆయనకు రాస్తుంటే చేయి బిగుసుకుపోయే జబ్బు. శాతం చాలదని యూపీఎస్సీ కాదంది. అవసరం ఉన్నవాడికి శాతం అడ్డు కాకూడదని కోర్టు చెప్పింది. దరఖాస్తు మాత్రం పరీక్షకు ముందే పెట్టాలి, హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే అందరికీ టెన్షన్.

ర్యాంపు గురించి ఒక మాట. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. నేను చూసిన ఒక పరీక్ష కేంద్రంలో రెండున్నర అడుగుల అరుగు ఎక్కడానికి ఎనిమిది అడుగుల వాలు వేశారు. కింద మూడు బైకులు, పైన రెండు పూలకుండీలు. చక్రాల కుర్చీలో వచ్చిన కుర్రాణ్ని ఇద్దరు స్నేహితులు కుర్చీతో సహా ఎత్తి మెట్ల మీదుగా తీసుకెళ్లారు. పైకెళ్లాక చొక్కా సర్దుకుంటూ 'అలవాటే మేడమ్' అన్నాడు. అతని పరీక్ష గదిని కింది అంతస్తుకు మార్చమని ముందురోజు ఒక్క ఫోన్ చేసి ఉంటే చాలు. చేయాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను.

ట్రాన్స్‌జెండర్ విద్యార్థులను చేర్చుకోవడానికి ఏమైనా అడ్డంకి ఉందా?

చట్టంలో లేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మూడో జెండర్‌ను గుర్తించింది. 2019 చట్టం విద్యా సంస్థల్లో వివక్షను నిషేధించింది. అడ్డంకి అప్లికేషన్ ఫారంలో, మరుగుదొడ్డి తలుపు మీద, హాజరు పిలిచేటప్పుడు ఉంటుంది. మూడింటినీ కాలేజీ తనంతట తాను సరిచేసుకోవచ్చు, పైనుంచి జీవో రావాల్సిన పని లేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని కాలేజీ నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు.

మన జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. జూన్, జూలైల్లో అయితే రోజూ. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం వస్తుంది, చేరే రోజున ఒరిజినల్స్ చూపించమంటారు, అవి ఇక్కడ బీరువాలో ఉంటాయి.

చేరేటప్పుడు సర్టిఫికెట్లు చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ డబ్బు ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య లెక్క. యాజమాన్యాల ఇబ్బంది కూడా అబద్ధం కాదు, వాళ్లూ జీతాలివ్వాలి. కానీ ఆ ఇబ్బందికి తాకట్టు పెట్టాల్సింది పిల్ల పదో తరగతి మార్కుల జాబితా కాదు.

యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అది 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే 15 రోజుల్లోపు విశ్వవిద్యాలయం నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఫిర్యాదుల మీద అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఆ కమిటీలో ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల నుంచి ఒకరు ఉండాలన్నది కూడా నియమమే.

మా నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నేనే తీసుకెళ్లాలి. హాజరు 75 శాతం లేదని డిటెయిన్ చేస్తామంటున్నారు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు పిల్లలకు తప్ప ఈ ప్రశ్న రాదు. కవిటి, సోంపేట, పలాస మండలాల్లో ఏ క్లాసులో చూసినా ఇలాంటి ఇల్లున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. డయాలసిస్ కోసం మినహాయింపు ఇవ్వాలనే చట్టం లేదు. వైద్య కారణాల మీద కొంత శాతం మాఫీ చేసే అధికారం విశ్వవిద్యాలయాలకు ఉంటుంది, అది కూడా మామూలుగా విద్యార్థి సొంత అనారోగ్యానికే అని చదువుతారు.

అందుకే సెమిస్టర్ మొదట్లోనే, హాజరు పడిపోకముందే, డయాలసిస్ కేంద్రం ఇచ్చే తేదీల కాగితం జత చేసి దరఖాస్తు పెట్టండి. ల్యాబ్ బ్యాచ్‌ను ఆ మూడు రోజులు కాని రోజుకు మార్చమనండి. నాకు తెలిసిన ఒక హెచ్‌ఓడీ ఆ పని చేశారు. ఆ అబ్బాయి గట్టెక్కాడు. దయగల ఒక్క సారు మీద ఆధారపడాల్సి రావడమే ఇక్కడ అసలు లోపం. జబ్బు ఇంత మందికి ఉన్న చోట విశ్వవిద్యాలయమే ఒక నియమం రాసిపెట్టుకోవాలి.

హాస్టల్‌లో పనిచేసే ఆయమ్మలు, స్వీపర్లు, సెక్యూరిటీ వాళ్లకు ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తిస్తాయి. ఏజెన్సీ ద్వారా వచ్చినా సరే, వేధింపుల మీద ఐసీసీకి ఫిర్యాదు చేయొచ్చు. రక్షణ పరికరాలు లేకుండా హాస్టల్ సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపితే, పాకీ పనిని నిషేధిస్తూ 2013లోనే వచ్చిన మరో చట్టం కింద నేరం. సమ్మిళిత క్యాంపస్ గురించి సెమినార్ జరుగుతున్న హాలు బయట, భోజనాలయ్యాక ప్లేట్లు తీసే ఆమె ఎక్కడ కూర్చుని తింటుందో ఎప్పుడైనా గమనించారా? మెట్ల కింద, చీపుర్ల పక్కన.

చదువు ఒత్తిడి తట్టుకోలేకపోతున్నాను. ఇది హక్కుల్లోకి వస్తుందా?

వస్తుంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల ప్రకారం పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం వద్దంది. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరని అడిగితే ఫిజిక్స్ సారును చూపిస్తే, అది కౌన్సెలింగ్ కాదు.

ఈ రాత్రే భారంగా ఉంటే ఆలోచించకండి, 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఫిర్యాదు చేస్తే ఇంటర్నల్ మార్కులు తగ్గిస్తారేమో?

భయం ఉత్తది కాదు. అందుకే, ఎవరి మీద ఫిర్యాదు ఇచ్చారో ఆ అధ్యాపకుడు మీ పేపర్లు దిద్దకుండా, మీ పని మీద మార్కులు వేయకుండా ఆపమని ఐసీసీని అడగొచ్చు. 2015 నిబంధనల్లోనే ఉంది. అడగకపోతే వాళ్లకై వాళ్లు ఇవ్వడం అరుదు. ఫిర్యాదులోనే చివర ఒక పేరా రాయండి. ఫిర్యాదుకు ముందు సెమిస్టర్ల మార్కుల కాపీలు దగ్గర ఉంచుకోండి, తేడా వస్తే పోల్చి చూపించొచ్చు.

ఫిర్యాదు పెట్టెలో వేస్తే చాలా?

నేను కమిటీలోకి వచ్చిన కొత్తలో, మెట్ల దగ్గరున్న పెట్టె తెరిపిద్దామన్నాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. చివరికి అటెండర్ స్క్రూడ్రైవర్ తెచ్చి బందు ఊడదీశాడు. లోపల రెండు చాక్లెట్ కాగితాలు, ఒక బస్ పాస్, నాలుగు మడతలు పెట్టిన ఒక రూళ్ల కాగితం ఉన్నాయి. ఆ కాగితం రాసిన అమ్మాయి కోర్సు పూర్తిచేసి వెళ్లిపోయి అప్పటికి ఏడాదిన్నర అయింది. ఏం రాసిందో చెప్పను.

పెట్టెలో వేయకండి. చేతికివ్వండి.

బయట ఎవరి దగ్గరికి వెళ్లాలి?

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, జరిగిన ఏడాదిలోపు రాయాలి. రాష్ట్ర కమిషన్ కర్నూలులో ఉంది. ఇచ్ఛాపురం నుంచి కర్నూలు ఎంత దూరమో మ్యాపు చూస్తే తెలుస్తుంది, కాబట్టి పోస్టే నయం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ 15100. మీ కాలేజీ ప్రభుత్వానిదైతే, 10 రూపాయలతో ఆర్‌టీఐ కింద ఐసీసీ సభ్యుల పేర్లు, గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక్క దరఖాస్తుతో రాత్రికి రాత్రి కమిటీ పుట్టుకొచ్చిన సందర్భం నాకు తెలుసు.

ఆఫీసులో కాగితం తీసుకున్నారు, కానీ అందినట్టు సంతకం పెట్టమంటే పెట్టరు. ఏం చేయాలి?

గొడవ పడకండి. నవ్వుతూ బయటికి రండి. కాగితాన్ని ఫోటో తీసి కాలేజీ ఈమెయిల్‌కు, రిజిస్ట్రార్ ఈమెయిల్‌కు పంపండి. ఆ సాయంత్రమే పోస్టాఫీసుకెళ్లి స్పీడ్ పోస్ట్ చేయండి. కౌంటర్‌లో ఇచ్చే చిన్న రసీదు మీద నంబరు, తేదీ ఉంటాయి. ఆ సిరా నాలుగు నెలలకే వెలిసిపోతుంది, అదే రోజు జిరాక్స్ తీయించుకోండి.